మోకు మొదలు మొలకవచము వఱకు

మన కులచరిత్రమును గూర్చి ప్రతి సంవత్సరమును ఈ మహాసభా సంచికయందు వ్యాసములు వెలువడుచునే యున్నవి. గోత్రములను గూర్చియు, కంఠమహేశ్వరస్వామి కల్యాణమును గూర్చియు, 1708వ సంవత్సరమున ఓరుగల్లుపై దండెత్తి 1710లో మొగలు ప్రభుత్వముచేత వధింపఁబడిన సర్వాయి పాపన్నను గూర్చియు పలువురు వ్రాసిరి. మేమును చదివి సంతసించితిమి. కాని మన తాతతండ్రులు నడుమునకుఁ జుట్టుకొనిన యే త్రాటి బలముచేత మనము అన్నము తిని, అక్షరములు నేర్చి, ఉద్యోగములు చేసి, నేఁడీ సంచిక నచ్చొత్తించుకొనఁగలుగుచున్నామో, ఆ త్రాటి చరిత్రమును వ్రాసినవారు మాకుఁ గానరాలేదు. గుఱ్ఱమెక్కినవానికి విగ్రహములు లేచినవి. చెట్టెక్కినవానికి మోకు మాత్రమే మిగిలినది. కావున ఈ యేఁడు మేము మోకును గూర్చియే వ్రాయఁబూనితిమి. ఇందుకు వేఱొక కారణమును గలదు. కొల్లూరు ప్రాంతమునఁ గూడ నిపుడు నడుముత్రాడు మాని తొడలకును భుజములకును బట్టీలుగల క్రొత్త కవచము ధరింపవలెనా, వలదా యను చర్చ సాగుచున్నది. ఆ చర్చలో ఆవేశము మెండు, తెలిసి చెప్పు మాట కొఱఁత.

తాళవృక్షము మన పురాణములకుఁ గ్రొత్తది గాదు. బలరాముఁడు తాళధ్వజుఁడు. భాగవత దశమస్కంధమున తాళవనకథ యున్నది. అందు బలరాముఁడు చెట్లను చేతులతోఁ గదల్చి పండ్లు రాల్చెను గాని, ఎక్కి కోసినట్లు లేదు. దేవతాంశ గలవారికి మోకుతోఁ బనిలేదు. మానవమాత్రులకే యా యవసరము. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు సురాధ్యక్షుఁడను నధికారికి ప్రత్యేకముగా నొక ప్రకరణము కలదు. మద్యము నమ్ముటెట్లు, ఎచట నమ్మవలెను, నియమము దప్పినవానికి దండనమెంత యను విషయము లందు సవిస్తరముగా నున్నవి. మఱియొక మాట. మన తెలుఁగునాఁట కావ్యములు, పురాణములు, దస్తావేజులు తాటియాకులమీఁదనే కదా శతాబ్దములకొలఁది నిలిచినవి! గంటముపట్టినవారి పేళ్ళు గద్యలయందు నిలిచినవి. ఆ కమ్మ నఱకుటకు చెట్టెక్కినవాఁడెవ్వఁడో ఏ గద్యయుఁ జెప్పదు. సంస్కృతము చదువుకొని జీవించిన మావంటివారీ ఋణమును మఱువరాదు.

మోకు అను పదము దేశ్యము. లావైన త్రాడని యర్థము. ముస్తాదు అను మాటలో హిందుస్తానీ వాసన గలదు. సిద్ధముగా నుండుట యను నర్థముగల ‘ముస్తైద్’ శబ్దమునుండి వచ్చినట్లు మాకుఁ దోఁచుచున్నది. గీతకాఁడు ముస్తాదు కట్టుకొనె ననఁగా పనికి సన్నద్ధుఁడయ్యెనని యర్థము. కత్తులు, లొట్లు, మోకు అన్నియు నందులోఁ జేరును. పూర్వము మోకును నారతోను తోలుతోను పేని చేయుచుండిరి. నడుమునకు వచ్చు భాగము వెడల్పుగాను, మ్రానునకు వచ్చు భాగము గరుకుగాను ఉండునట్లు చూచుచుండిరి. నైలాను కాలములో నారకు బదులు మిల్లు త్రాడు వచ్చినది. ఆకృతి మాత్రము మాఱలేదు.

ఎక్కుట యెట్లో పట్టణములలోఁ బెరిగిన మన యువకుల కొఱకుఁ జెప్పుచున్నాము. పెద్దలు క్షమింతురు గాక. మోకు ఒకవైపు నడుమును, రెండవవైపు మ్రానును చుట్టియుండును. పాదములజతకు వేఱొక చిన్న త్రాటిచుట్ట తగిలించుకొందురు. దేహమును వెనుకకు వాల్చినపుడు మోకు మ్రానును గట్టిగ నొత్తును; ఆ యొరిపిడియే మనుష్యుని భారమును నిలుపును. తరువాత పాదములతో మ్రానును బిగఁబట్టి, దేహమును ముందునకుఁ దెచ్చినచో మోకు వదులగును. ఆ క్షణముననే దానిని మూరెడు పైకి విసరవలెను. మరల వాలుట, మరల కాళ్ళు లాగుకొనుట. ఇట్లు వాలినపుడు మోకు నమ్మకము, విసరినపుడు పాదము నమ్మకము. రెండును ఒక్కమాఱు పనిచేయు క్షణము లేదు. మోకు గొప్పతనమును, దాని లోపమును ఈ యొక్క వాక్యములోనే యున్నవి. అది ఎక్కుటకు సాధనమేగాని పడుటను ఆఁపు సాధనము గాదు.

పాదము జాఱెనా, వాలియున్న దేహము మ్రానునకు దగ్గఱగును. దగ్గఱగుటతోడనే మోకు వదులై క్రిందికి జాఱును. వానకుఁ దడిసిన మ్రానైనచో చెప్పనక్కఱలేదు. ఒక్కొక్కప్పుడు మోకు కమ్మలమొదట చిక్కుకొని మనుష్యుఁడు తలక్రిందుగా వ్రేలాడుచుండుటయు, ఊరివారు గుమిగూడి నిచ్చెనలు తెచ్చి దింపుటయు వార్తాపత్రికలలో తఱచుగఁ జూచుచున్నదే. 40 అడుగుల యెత్తునుండి పడిన దేహము నేలను దాఁకుటకు ఒకటిన్నర సెకను చాలును. అప్పటి వేగము గంటకు సుమారు 55 కిలోమీటర్లు. పడినవాఁడు బ్రతికినను వెన్నెముక విఱిగి మంచముపట్టుట సామాన్యము. మఱియొక లెక్కయుఁ జూడుఁడు. 40 అడుగుల చెట్లు పదింటిని ఉదయ సాయంకాలములందు గీయువాఁడు దినమునకు 800 అడుగులు ఎక్కుచున్నాఁడు. 37 దినములైనచో ఎవరెస్టు శిఖరపు టెత్తయిన 29,032 అడుగులు దాఁటును. ఎవరెస్టు నొకమాఱెక్కినవానిని ఊరేఁగింతురు, అది తగినదే. వీనికి ఊరేఁగింపు లేకున్నను, వాని నడుమునకుఁ గట్టిన త్రాడైనను వీని నడుమునకు దొరకవలదా?

ప్రభుత్వముల కీ చెట్లపైఁ జూపు లేకపోలేదు. నిజాము ప్రభుత్వమునకు ఆబ్కారీ మిక్కిలి ముఖ్యమైన రాఁబడి. 1316 ఫసలీలో, అనఁగా 1906-07 ప్రాంతమున, హైదరాబాదు ఆబ్కారీ శాసన మేర్పడెను. తరువాత 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు శాసనము వచ్చినది. చెట్టు కింతయని పన్ను, దుకాణమునకు వేలము, గుత్తదారునికి హక్కు, దొంగచాటుగా గీచినవానికి దండనము: ఇన్నియును శాసనములఁ గలవు. చెట్టును లెక్కించి గుర్తు వేసినవారు, ఆ చెట్టెక్కువాని నడుము నేల చూడరైరో! గుత్తదారుల చేతినుండి పని గీతకాండ్ర చేతికి రావలెనని పోరాడినవారిలో బొమ్మగాని ధర్మభిక్షము గారిని తెలంగాణమెల్ల నెఱుఁగును. సహకారసంఘములు, చెట్టు గీచువానికే చెట్టు అను పద్ధతి, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు ధనసాహాయ్యము క్రమముగా వచ్చినవి. అవి లేకున్నచో ఎన్ని సంసారములు వీథిఁబడియుండునో! కాని యవి యన్నియు పడిన పిమ్మట నిచ్చునవి. పడకుండఁ జేయు నాలోచన ఆలస్యముగాఁ గలిగినది.

ఈ లోపమును కొల్లూరు చుట్టుపట్ల నున్నవారు ఇతరులకంటె స్పష్టముగాఁ జూడఁగలరు. తూర్పున రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము, ఉత్తరమున పటాన్‌చెరువు పారిశ్రామికవాడ, 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ. ఆ తరువాత బాహ్యవలయ రహదారి. 2023 జూన్ 22న కొల్లూరుననే 15,660 రెండు పడకగదుల గృహముల సముదాయము ప్రారంభోత్సవము జరిగినది. చెట్లున్న గట్లపైననే మేడలు లేచినవి. మన పిల్లలనేకులు కర్మాగారములలోఁ జేరిరి. 1948 నాఁటి కర్మాగార శాసనపు 32వ విభాగము, పడుటకు వీలున్న యెత్తున పనిచేయువానికి కంచె గాని మఱియొక యుపాయము గాని కల్పింపవలెనని చెప్పినది. అందుచేత కొడుకు పొగగొట్ట మెక్కునపుడు కవచము దొడిగికొనవలసినదే. లేకున్న యజమాని జవాబుదారి. అదే గడపలోనుండి బయలుదేఱిన తండ్రి తాటిచెట్టెక్కునపుడు మోకొక్కటే గతి. అతనికి యజమాని లేఁడు, కావున జవాబుదారియు లేఁడు. ఒకే యింటి చూరుక్రింద మోకును కర్మాగారపు పట్టీయు ప్రక్కప్రక్కన వ్రేలాడుచుండఁగా మేము కన్నులారఁ జూచితిమి.

ఇఁక దేశాంతరముల చరిత్రము. మన మోకును చూచి నాగరకులు నవ్వనక్కఱలేదు; ఐరోపీయ పర్వతారోహకులును చిరకాలము జనుపత్రాటిని నడుమునకే ముడివేసికొని యెక్కిరి. 1935లో అమెరికాలో నైలాను కనిపెట్టఁబడినది. రెండవ ప్రపంచయుద్ధమునకుఁ దరువాత దాని త్రాళ్ళు కొండలకు వచ్చినవి. త్రాడు తెగుట తగ్గెను. కాని నడుముపైఁ బడిన కుదుపుచేత ప్రక్కటెముకలు విఱుగుటయు, ఊపిరాడక చచ్చుటయు తగ్గలేదు. 1970లో అన్నపూర్ణ దక్షిణముఖమునకు బయలుదేఱిన బ్రిటిషు బృందముకొఱకు డాన్ విల్లన్సు అనునాతఁడు తొడలకును నడుమునకును పట్టీలుగల మొలకవచమును కల్పించెను. భారము నడుమునుండి తొడలకు దిగినది. తరువాత వచ్చిన మొలకవచములు పెక్కింటికి ఇది దారి చూపినది.

అమెరికాలో లేళ్ళకై వేచియుండు వేఁటగాండ్రు చెట్టునకు చిన్న మంచె బిగించుకొని దానిపైఁ గూర్చుందురు. మన జొన్నచేని మంచెవంటిదే, ఇనుముతోఁ జేసినది. వారును మొదట నడుముపట్టీతోనే తృప్తిపడిరి. పడినవారిలో పెక్కురు మంచెపైఁ గూర్చుండి గాక, ఎక్కునపుడు, దిగునపుడు, మంచెమీఁద కడుగిడునపుడు పడుచున్నారని తెలిసిన పిమ్మట, నేల విడిచినది మొదలు నేల చేరువఱకు చెట్టునకుఁ గట్టియుంచెడి సర్వాంగకవచమును వారు ఆదరించిరి. కట్టడపుపనివారి విషయమున అమెరికా ప్రభుత్వము 1998 జనవరి 1 నుండి పడుటనాఁపు సాధనముగా నడుముపట్టీని నిషేధించినది. కారణము వారి యంకెలలోనే యున్నది: పడినవాని నాఁపునపుడు దేహముపైఁ బడఁదగిన యొత్తిడి నడుముపట్టీకి 900 పౌనులకు మించరాదు, సర్వాంగకవచమునకు 1,800 పౌనులవఱకు ఒప్పుకొనవచ్చును. అనఁగా నడుము సగమే మోయఁగలదు. మన దేశమునను భారత ప్రమాణసంస్థవారు ఇట్టి పట్టీలకు 3521వ సంఖ్యతో ప్రమాణము నేర్పఱచియున్నారు. కేరళమున కొబ్బరిచెట్ల కొఱకు చెంబేరి గ్రామవాసియగు జోసెఫు కల్పించిన పాదయంత్రమును, 2011లో కొబ్బరి అభివృద్ధి మండలివారు శిక్షణము లిచ్చి యువకులను చెట్లకు మరల్చుటయు ప్రసిద్ధములు.

మన నిజామాబాదు మండలపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు నెక్కినపుడు ధరించిన మొలకవచపు జాతికిఁ జెందినదే తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకుఁ దెచ్చిన సాధనము. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్టు మండలము లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు దీనిని ప్రారంభించిరి. దానికి ‘కాటమయ్య రక్షాకవచము’ అని పేరు. మొలకవచము, త్రాళ్ళు, కాలియుచ్చు, చేతిపిడి, కొక్కెములు, సంచి మున్నగున వందుఁ గలవు. పేరు బాగున్నది. కంఠమహేశ్వరుఁడే వాడుకలో కాటమయ్య యయ్యెనని మనవా రందురు. సంస్కృతము చదివిన మేమే యిట్లనుట వింతగాఁ దోఁపవచ్చును గాని, కాటమయ్యయే పూర్వుఁడనియు, మా పూర్వపండితులే యాయనకు కంఠమహేశ్వరుఁడను జరీకండువ కప్పిరనియు మా యభిప్రాయము. ఏ పేరఁ బిలిచినను, చెట్టు మొదట నిలిచి ఆయనను తలఁచుకొనని గీతకాఁడు లేఁడు.

కాని పేరు బాగున్నంతమాత్రమున కవచము నడుమున నిలువదు. ఇచ్చిన సంచి యిచ్చినట్లే అటకపై నున్న యిండ్లును లేకపోలేదు. కొల్లూరు ప్రాంతపు వృద్ధగీతకాఁడొకఁడు మాతో, ‘పంతులూ, గిది ఏసుకుంటె తొడలు ఒరుసుకపోతున్నయ్. రెండు చెట్లెక్కెటాళ్లకే పొద్దెక్కుతున్నది’ అని యనెను. ఇది మూర్ఖత్వముగాఁ గొట్టివేయఁదగిన మాటగాదు. దినమునకు ఇరువదిమార్లు ధరించి యెక్కవలసిన వస్తువునందు సౌఖ్యము విలాసముగాదు. సౌఖ్యము లేని కవచము మేకుకే రక్షణ. కావున ఎన్నుకొనునప్పుడు చూడవలసిన సంగతులను, తెలిసినవారి నడిగియు, స్వయముగా బిగించుకొని చూచియు గ్రహించినవానిని వ్రాయుచున్నాము.

అన్నిటికంటె ముఖ్యము తొడపట్టీ. భారమంతయు దానిపైఁ బడును. సన్నని పట్టీ చర్మమును కోయును. వెడల్పై, లోపల మెత్తయుండి, ఆ మెత్త చెమటను పీల్చి గట్టిపడనిదై యుండవలెను. గీతకాఁడు ధరించునది గోఁచి గాని పొట్టిలాఁగు గాని. కొలత చూచునపుడు మందపు పంట్లాముపైఁ జూచి, పనిలో గోఁచిపై ధరించినచో పట్టీ వదులై జాఱును. ఏ బట్టతో నెక్కునో ఆ బట్టతోనే కొలత చూడవలెను. నడుముపట్టీ తుంటియెముకలకుఁ బైగా నుండవలెను. పొట్టమీఁదికి జాఱునదైనచో తలక్రిందైనపుడు దేహమే యందులోనుండి జాఱిపోవచ్చును. తొడపట్టీకిని తొడకును నడుమ అఱచేయి చదునుగా దూఱవలెను, పిడికిలి దూఱరాదు. బిగింపులు చెమటచేతులతోను, చీఁకటివేళను, చూడకయే వేయఁదగినవై యుండవలెను. మనవారు తెలవాఱకముందే చెట్లకుఁ బోవుదురు గదా. కత్తులయొరను, లొట్టిని తగిలించుకొనుటకు ప్రక్కల చోటు లేనిచో ఆ కవచము కొండకుఁ జేసినదేగాని చెట్టునకుఁ జేసినది గాదు.

రెండవది, చెట్టునకుఁ దగిలించు త్రాడు. భారముపడినపుడు బిగిసి, భారము తీసినపుడు వదులగు ఉచ్చుగా నది మ్రానును చుట్టవలెను. తల కెదురుగాఁ గాని, అంతకుఁ బైనిఁ గాని యుండవలెను. కాళ్ళకడనున్న త్రాడు ఎంత గట్టిదైనను, పడినవాఁడు దాని నిడివికి రెట్టింపు దూరము పడి కుదుపు దినును. వేఁటగాండ్రు తమ త్రాటిని వీలైనంత పొట్టిగా నుంచుటకుఁ గారణ మిదియే. కమ్మలమొదటికిఁ జేరినపుడు ఒక త్రాటిని విప్పి మఱియొకచోట తగిలింపవలసియుండును. రెండవది తగిలింపక మొదటిది విప్పరాదు. మోకు కాలమునాఁటి ‘రెండును ఒక్కమాఱు పనిచేయు క్షణము లేదు’ అను లోప మిక్కడఁ దీఱుచున్నది. కనుకనే మోకును పాఱవేయుమని మే మనము. ఎక్కుటకు మోకే యుండనిండు. పడుట నాఁపుటకు కవచ ముండవలెను. తండ్రి నేర్పిన విద్యను విడువుమన్నచో కవచము నెవ్వఁడును ముట్టఁడు.

మూఁడవ సంగతిని మనవారికిఁ జెప్పినవా రరుదు. కవచము పడనీయక యాఁపినను, అందు కదలక వ్రేలాడుట స్వయముగా నొక యపాయము. తొడలను పట్టీలు నొక్కుటచేతను, కాళ్ళు కదలకపోవుటచేతను, రక్తము కాళ్ళలోనే నిలిచిపోయి తలకుఁ జాలక, కొన్ని నిమిషములలోనే మూర్ఛ రావచ్చును, ఉపేక్షించినచో ప్రాణాంతకము. 1972లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్కున పర్వతరక్షక వైద్యులు సమావేశమై ఈ విషయమును చర్చించిరి. ప్రతిక్రియ సులభము: పాదముంచి నిలుచుటకు త్రాటి యుచ్చొకటి దగ్గఱ నుండవలెను. అందుపై నిలిచి కాళ్ళు కదల్చుచున్నచో దింపువారు వచ్చువఱకు ఆఁగవచ్చును. మన పూర్వులు పాదములకుఁ దగిలించుకొనిన త్రాటిచుట్ట ఇక్కడ మరల నుపయోగపడుట చూడుఁడు. ఒంటరిగాఁ జెట్టెక్కువాఁడు ఇంటివారికి ఏ వరుసచెట్లకుఁ బోవుచున్నాఁడో చెప్పి పోవుటయు నిందులోని భాగమే.

పరీక్ష యెట్లనఁగా, కవచము చేతికి వచ్చినదినమే తాటిచెట్టెక్కరాదు. ఊరి వేపకొమ్మకు దాని త్రాటిని గట్టి, పాదములు నేలకు జానెడు పైనుండునట్లు కొన్ని నిమిషములు కూర్చుండి చూడవలెను, ప్రక్కన నొకఁడు నిలిచియుండఁగా. తొడలు తిమ్మిరెక్కినచో పట్టీ తావు మార్చవలెను. గజ్జలలో నొత్తినచో కొలతయే తగదు. కాళ్ళు చాఁపి, వంగి, కత్తిచేయి పైకెత్తి, గెలను గీయునట్లు అభినయింపవలెను. అచట హాయిగా లేనిది చెట్టుపైన హాయిగా నుండదు. చిన్నదేహమువానికి పెద్దకొలత యంటగట్టి, ‘సర్దుకొమ్ము’ అనువారి మాట వినఁదగదు. కొలత దొరకువఱకు మార్చి యిమ్మని యడుగుట మన హక్కు. మన సంఘమువారు పంపిణీనాఁడు కొలతలు వ్రాసికొని, శిక్షణము పొందిన యువకుల నిద్దఱిని ప్రతి గ్రామమునకుఁ బంపుదురేని, శాలువలకయ్యెడి వ్యయములో కొంత సద్వినియోగమగును. దాత లీ మాటకు కినియరని నమ్ముచున్నాము.

పదునైదు సంవత్సరములకు ముందు నిండుగఁ గల్లు పాఱిన గట్టుల వెంట నిపుడు లెక్కింపఁదగినన్ని చెట్లే యున్నవి. పోతుతాడు, పండుతాడు, పరుపుతాడు అను మాటల భేదము తెలిసిన పిల్లలును అట్లే యున్నారు. అయినను ఉన్న చెట్లకు మనుష్యు లెక్కుచున్నారు, ఎక్కువారిలో అఱువది దాఁటినవారే పెక్కురు. వారి కవచములు ఎరువులబస్తా ప్రక్కనో, కిరసనాయిలు డబ్బా మీఁదనో, ఎండతగులు గోడకో యుండరాదు. నైలానును ఎండయు, ఆమ్లములును లోలోపలఁ దినివేయును, పైకిఁ దెలియదు. కుట్లు వారమున కొకమాఱు వ్రేళ్ళతోఁ దడవి చూడవలెను. ఒకమాఱు పడినవాని నాఁపిన కవచమును, త్రాటిని, ఎంత క్రొత్తవైనను, మరల చెట్టునకుఁ గొనిపోరాదు. ముక్కలుగాఁ గోసి పాఱవేసి క్రొత్తవానిని తెప్పించుకొనవలెను. కోయక యుంచినచో, మఱునాఁడు తమ్ముఁడో, పొరుగువాఁడో తెలియక తొడిగికొని పోవును.